వాదనకు గండి ఎక్కడ పడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నరసాపురం కాలువ వెంట ఉన్న మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రాలు పది పన్నెండు మందిమి కూర్చుంటాం. రొయ్యల రైతులు, ఇద్దరు టీచర్లు, ఇంటర్ చదివే పిల్లలు, కాలువల శాఖలో గట్ల కాపలా చూసి రిటైరైన లస్కరు ఒకాయన. ఏ విషయం మొదలుపెట్టినా మాట చివరికి "అది నిజమని నీకెలా తెలుసు?" అన్న దగ్గరికే వస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఇక్కడ రాసి పెడుతున్నాను. జవాబులు నావి. ఒప్పుకోని వాళ్లు మాలోనే ఉన్నారు.

విమర్శనాత్మక ఆలోచన అంటే అన్నిటిలో తప్పులు వెతకడమా?

కాదు. ఈ అపార్థానికి పత్రికల భాష కొంత కారణం. "విమర్శలు గుప్పించారు" అని చదివి చదివి విమర్శ అంటే తిట్టు అనుకుంటున్నాం. విమర్శ అంటే పరిశీలించి మంచిచెడ్డలు తేల్చడం. బియ్యం కొనేటప్పుడు గుప్పెడు అరచేతిలో పోసుకుని నూక ఎంత, మట్టిబెడ్డ ఎంత అని చూస్తాం. అది బియ్యం మీద కోపం కాదు. మాటనూ అలాగే చూడాలి. బాగుందని తేలితే తీసుకోవాలి కూడా. ఆ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు.

వాదన అంటే గొడవ పడడమే కదా?

ఇక్కడ ఆ అర్థం కాదు. ఒక మాట చెప్పి, దాన్ని ఎందుకు నమ్మాలో కారణం చూపిస్తే అది వాదన. "ఆ కొట్లో మేత కొనకు" అన్నది సలహా. "ఆ కొట్లో మేత కొనకు, బస్తా తూకం తక్కువ వస్తోంది" అన్నది వాదన. "ఆ కొట్లో మేత కొనకు, అతను మన వైపు వాడు కాదు" అన్నదీ వాదనే. కాకపోతే ఇందులో పైకి చెప్పని మాట ఒకటుంది: మన వైపు వాడు కానివాడు మోసం చేస్తాడని. బరువంతా ఆ చెప్పని మాట మీదే ఉంది. దాన్ని పైకి తీసి ముందు పెడితే చాలాసార్లు అన్నవారే నవ్వేసి ఊరుకుంటారు.

మా లస్కరుగారు దీన్ని తన పద్ధతిలో చెబుతారు. ఏటిగట్టు పది మైళ్లు గట్టిగా ఉండి, ఒక్కచోట ఎలుక బొరియ ఉంటే, వరదకు ఆ పది మైళ్లతో పని లేదు. గండి బొరియ దగ్గరే పడుతుంది. వాదనను పరీక్షించేవాడు కూడా గట్టు పొడవునా నడిచి ఆ బొరియ కోసమే చూడాలి.

దీనికి మన దగ్గర పద్ధతి ఏమైనా ఉందా, అంతా బయటి సరుకేనా?

ఉంది, చాలా పాతది. గౌతమ మహర్షి పేరిట వచ్చిన న్యాయ దర్శనం, అంటే తర్కశాస్త్రం, దాని పనే ఇది. మనకు ఏదైనా తెలియడానికి నాలుగు దారులున్నాయంటుంది: కళ్లతో చూడడం, చూసినదాన్ని బట్టి ఊహించడం, పోల్చడం, తెలిసినవారు చెప్పగా వినడం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని వాటి పేర్లు. ఈ శాస్త్రాన్ని కొత్తవారికి అందేలా కుదించి రాసినవాడు పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు. ఆయన తెలుగువాడే.

న్యాయశాస్త్రంలో అందరికీ తెలిసిన ఉదాహరణ కొండ మీది పొగ. మన డెల్టాలో కొండలు లేవు కాబట్టి నేను లంక, అంటే నది మధ్య దిబ్బ, అంటాను. "ఆ లంకలో నిప్పుంది" అన్నది ప్రతిజ్ఞ. "ఎందుకంటే పొగ లేస్తోంది" అన్నది హేతువు. "పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూశాం" అన్నది ఉదాహరణ. "ఇక్కడా అలాంటి పొగే ఉంది" అన్నది ఉపనయం. "కాబట్టి నిప్పుంది" అన్నది నిగమనం. ఇలా అయిదు ముక్కలుగా పరిచి పెడితే దేన్ని శంకించాలో తెలుస్తుంది. పుష్యమాసంలో తెల్లవారుజామున గోదావరి మీద మంచు అచ్చం పొగలాగే లేస్తుంది. అప్పుడు హేతువే లేదు. మిగతా నాలుగూ ఎంత చక్కగా ఉన్నా లాభం లేదు.

ఇంకో సంగతి. పొగను చూసి నిప్పు ఉందనవచ్చు కాని నిప్పును చూసి పొగ ఉందనలేం. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుములో నిప్పే గాని పొగ ఉండదు. ఇది మనకు చెరువు గట్టు మీద రోజూ పనికొచ్చే పాఠం. తెల్లమచ్చ వైరస్ సోకిన రొయ్య మేత మానేస్తుంది, నిజమే. అలాగని మేత మానేసిన రొయ్యకల్లా తెల్లమచ్చ వచ్చిందనుకుంటే ఎలా? కుబుసం విడిచేటప్పుడూ రొయ్య మేత ముట్టదు. ఈ తిరగేత తెలియక తొందరపడి ఎదగకముందే చెరువులో రొయ్యలన్నీ పట్టేసిన వాళ్లను నేనెరుగుదును.

"భద్రాచలంలో గోదావరి 50 అడుగులు దాటింది, రేపటికి మన లంకలు మునుగుతాయి" అని సందేశం వస్తే ఎలా తూచాలి?

ప్రతి వర్షాకాలం వచ్చే ప్రశ్న ఇది, అందుకని కాస్త నిదానంగా చూద్దాం.

మొదట, అంకె ఎక్కడిది? భద్రాచలం దగ్గర మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు. రెండు చోట్లా కొలబద్దలు వేరు, సున్నా పెట్టిన చోటు వేరు. "యాభై అడుగుల నీరు వస్తుందట, మా మేడ ముప్పై అడుగులే" అని ఒకసారి మా వీధిలో ఏడుపులు మొదలయ్యాయి. అంకె నిజమే. అది ఈ ఊరి అంకె కాదు.

తర్వాత, ఆ అంకెకూ మన లంకకూ మధ్య ఏముంది? భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. శబరి ఎంత నీరు తెస్తోందన్నది భద్రాచలం అంకె ఒక్కటే చెప్పదు. ఇటు కింద సముద్రం పోటు మీద ఉంటే నది నీటిని త్వరగా తీసుకోదు. అమావాస్య, పున్నమి రోజుల్లో ఈ బాధ ఎక్కువ. కాబట్టి మనం చూడాల్సింది ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదులుతున్నారన్నది. 1986 ఆగస్టులో అది 35 లక్షలు దాటింది, భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో భద్రాచలం 71 అడుగులు దాటితే ధవళేశ్వరం దగ్గర 25 లక్షలు దాటింది. ఈ రెండూ తెలిసినవారికి యాభై అడుగులు అంటే ఎంతో ఒక అందాజా వస్తుంది.

ఇక్కడే చాలామంది జారిపడతారు. సందేశంలో వాదన బలహీనమని తేలింది కాబట్టి లంక మునగదని అనుకుంటారు. వాదన చెడ్డదైనా చివరి మాట నిజం కావచ్చు. చెడ్డ వాదన అంటే దాన్ని బట్టి మనకేమీ తెలియలేదని, అంతవరకే. తెలుసుకోవడానికి ఇంకో దారి చూడాలి, లంకలో ఉంటే పడవ కూడా చూసుకోవాలి.

ఒకటి జరిగాక రెండోది జరిగితే, మొదటిది కారణం కాదా?

కావచ్చు, కాకపోవచ్చు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి వాలడం వల్లే రాలిందా? కాకతాళీయం అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. కాలువ గట్ల మీద ఇన్ని తాటిచెట్లు పెట్టుకుని కూడా మనం ఈ తప్పు రోజూ చేస్తాం.

నేనే చేశాను. కొన్నేళ్ల కిందట రెండెకరాల చెరువు లీజుకు తీసుకున్నాను. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లవారుజామున రొయ్యలు గట్టు పక్కకు, నీటిపైకి వచ్చేశాయి. మందుల కొట్టాయన ఒక పొడి ఇచ్చాడు, ధర చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. చల్లాను. మధ్యాహ్నానికి రొయ్యలు సర్దుకున్నాయి. ఆ తర్వాత రెండేళ్లు ఆ పొడిని నేనే పదిమందికి చెప్పాను.

జరిగింది ఇదీ. చెరువులో నాచు పగలు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదీ, రొయ్యలూ, అడుగున కుళ్లే మేతా, అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అందుకే తెల్లవారకముందు అది అతి తక్కువగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజుల్లో పగటి ఆదాయం కూడా పడిపోతుంది. నేను పొడి చల్లిన రోజే మబ్బు విడిచి ఎండ కాసింది. పైగా భయపడి నీటిలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఆపకుండా తిప్పాను. పక్క చెరువు వాళ్లు పొడి చల్లలేదు. వాళ్ల రొయ్యలూ మధ్యాహ్నానికే సర్దుకున్నాయి. ఆ సంగతి వాళ్లను అడగాలని నాకు రెండేళ్ల దాకా తట్టలేదు.

మరి అయితే "కాటన్ దొర ఆనకట్ట కట్టాక డెల్టా పచ్చబడింది" అన్నదీ ఇలాంటిదే కదా?

మా ఇంటర్ అమ్మాయి ఒకతె అడిగింది. ఇంత మంచి ప్రశ్న మా దగ్గరికి చాలాకాలంగా రాలేదు. వాక్యం ఆకారం చూస్తే నిజంగా అదే: ఇది జరిగింది, తర్వాత అది జరిగింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కు ఆనకట్ట పూర్తయింది. అంతకుముందు కరువులు, తర్వాత వరి. నా పొడి మందుకూ దీనికీ తేడా ఏమిటి?

ఒకటి, ఎలా పనిచేసిందో అడుగడుగునా చూపించవచ్చు. గోదావరి అంతకుముందూ పారింది కాని పొలం కన్నా కింద పారి సముద్రంలో కలిసింది. ఆనకట్ట నీటిమట్టాన్ని ఎత్తి కాలువల్లోకి తిప్పింది. రెండు, పోల్చడానికి పక్కనే మెట్ట ఉంది. అవే ఏళ్లు, ఇంచుమించు అదే వాన. కాలువ లేని మెట్ట వర్షాధారంగానే ఉండిపోయింది. పొడి చల్లని పక్క చెరువు ఇక్కడ దొరికిందన్నమాట, పైగా అది సర్దుకోలేదు. మూడు, నీరు ఎంత అందితే పంట అంత. కాలువ తల దగ్గరి రైతుకూ శివారు రైతుకూ తేడా ఇప్పటికీ కనిపిస్తుంది. శివారు రైతును అడగండి, ఆయన చాలా గట్టిగా చెబుతాడు.

అంతా ఆనకట్టదేనా అంటే, కాదనే నా అభిప్రాయం. కాలువల్లో పడవలు తిరిగి ధాన్యానికి బజారు దొరికింది. ఒండ్రు నేల ఎప్పటిదో. పనిచేసిన కూలీల చేతులు ఎన్నో. విగ్రహానికి దండ వేసేటప్పుడు అవన్నీ గుర్తుచేస్తే మా ఊళ్లో కొందరికి కోపం వస్తుంది.

కుక్కుట శాస్త్రం చెప్పినట్టే పందెం కోళ్లు గెలవడం కళ్లారా చూశాం. అదీ ప్రత్యక్షమే కదా?

చూశారు, కాదనను. పందేలు చట్టం ఒప్పుకోనివి, ఆ మాట పక్కన పెడితే, లెక్క చూద్దాం. భోగి నాడు ఏ సమయానికి డేగ గెలుస్తుంది, ఎప్పుడు కాకి, ఎప్పుడు నెమలి అని శాస్త్రం చెబుతుంది. ఇవి రంగును బట్టి కోళ్లకు పెట్టిన పేర్లు. బరిలో ఉండేవి రెండే కోళ్లు. కళ్లు మూసుకుని చెప్పినా సగంసార్లు నిజమవుతుంది. నాణెం ఎగరేసి పది పందేలకు జోస్యం చెప్పేవాళ్లు వంద మంది ఉంటే, వారిలో పదిహేడు మంది దాకా ఏడు లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెబుతారు. సంక్రాంతి అయ్యాక మనకు వినిపించేది ఆ పదిహేడు మంది కథలే. మిగతావాళ్లు ఎకరం అమ్మిన సంగతి ఎవరికి చెబుతారు?

తప్పినప్పుడు వచ్చే మాట ఇంకా చిత్రంగా ఉంటుంది: "కోడి రంగు సరిగ్గా పోల్చలేదు", "ముహూర్తం దాటింది". గెలిస్తే శాస్త్రం గొప్ప, ఓడితే మనిషి తప్పు. ఓడే వీలే లేని మాట ఏమీ చెప్పని మాటతో సమానం. పరీక్ష తేలిక. పందేనికి ముందు జోస్యం కాగితం మీద రాసి మూడో మనిషి చేతికివ్వండి, యాభై పందేల తర్వాత విప్పండి. ఈ మాట మూడేళ్లుగా అంటున్నాను. ఇంతవరకు కాగితం ఇచ్చినవారు లేరు.

నిపుణుడు చెప్పినదాన్నీ పరీక్షించాలా?

అన్నీ మనమే పరీక్షించలేం. శబ్దాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నది అందుకే. కాని చెప్పేవాడు ఆప్తుడై ఉండాలన్నారు, అంటే విషయం తెలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. గుండె డాక్టరుగారు గుండె గురించి చెబితే వింటాను. రొయ్యల ధర గురించి చెబితే ఆయనా నాలాంటివారే. మందు అమ్మేవాడే మందు రాసిస్తుంటే ఇంకొకరిని అడుగుతాను. ఆ శాస్త్రంలో పనిచేసేవాళ్లు ఎక్కువమంది ఒక మాట మీద ఉంటే, ఒక్కరు వేరుగా అంటే, ఆ ఒక్కరి పేరు ఎంత పెద్దదైనా ముందుగా ఆ ఎక్కువమంది వైపే మొగ్గుతాను.

మనిషి మంచివాడు కాకపోతే అతని వాదనా చెడ్డదేనా?

కాదు. తాగుబోతు చెప్పినా గట్టుకు బొరియ ఉంటే ఉన్నట్టే, వెళ్లి చూడాలి. కాని చూడడానికి వీలులేక అతని మాట మీదే ఆధారపడాల్సి వస్తే అప్పుడు మనిషి ఎలాంటివాడన్నది లెక్కలోకి వస్తుంది. కారణం చూపించినప్పుడు కారణాన్ని తూచండి, సాక్ష్యం చెప్పినప్పుడు సాక్షిని తూచండి.

ఎంత చెప్పినా ఒప్పుకోని వాళ్లతో ఏం చేయాలి?

ముందు ఏ రకం మాట నడుస్తోందో చూసుకోండి. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ మాట్లాడితే వాదం. ఎలాగైనా గెలవాలని మాట్లాడితే జల్పం. తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. మనం రోజూ వాడే వితండవాదం అన్న మాట ఆ శాస్త్రం నుంచే వచ్చింది. నేను ఒకే ప్రశ్న వేస్తాను: "ఏం చూపిస్తే మీరు మనసు మార్చుకుంటారు?" ఏదీ కాదంటే టీ తాగి వచ్చేస్తాను. ముందు ఆ ప్రశ్న నాకే వేసుకోవాలని మా ఆవిడ గుర్తుచేస్తుంటుంది.

మరి ఎదుటివారిని నిజంగా ఒప్పించాలంటే?

వాళ్లు ఒప్పుకునే చోటి నుంచి బయలుదేరాలి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వితంతు వివాహాల కోసం నిలబడినప్పుడు, శాస్త్రం ఒప్పుకోదన్న పండితులకు శాస్త్ర వాక్యాలతోనే జవాబు చెప్పారు. దయ, న్యాయం అంటూ మాత్రమే మాట్లాడి ఉంటే వాళ్లు వినేవారు కాదు. 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి జరిగింది. పండితులందరూ మారారా అంటే లేదు, వెలి బాధలు తప్పలేదు. పక్కన నిలబడి వింటున్నవాళ్లలో కొందరు మారారు. వాదన చాలాసార్లు వాళ్ల కోసమే.

"వరి వేసి అప్పులపాలవుతావా, చెరువు తవ్వి బాగుపడతావా" అని అడిగితే?

రెండే దారులున్నట్టు అడిగే ప్రశ్న ఇది. మూడోది ఎవరు మూశారో చూడండి. కొబ్బరి, అరటి, కూరగాయలు, ఉన్నది కౌలుకివ్వడం, ఏవీ మాటల్లోకి రాలేదు. పైగా ఇందులో రెండు వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఉప్పునీటి చెరువు నుంచి ఊట పక్క వరిచేలోకి దిగుతుందా అన్నది మట్టి, నీరు పరీక్షిస్తే తేలేది. దిగితే నష్టం ఎవరు భరించాలి అన్నది ఏ పరీక్షా తేల్చదు. అది మనుషులు కూర్చుని న్యాయం మాట్లాడుకుని తేల్చుకోవాలి. మొదటిదానికి జవాబు దొరకలేదని రెండోదాన్నీ, రెండోది తెగలేదని మొదటిదాన్నీ వాయిదా వేస్తుంటారు.

వరద ఫొటో నిజమో కాదో?

తేదీ, చోటు అడగండి. పాత ఏటి వరద ఫొటో ప్రతి ఏడూ కొత్తదై తిరుగుతుంది.

అన్నిటినీ అనుమానిస్తూ కూర్చుంటే పనులెలా?

ఎంత ఆధారం కావాలన్నది, తప్పితే ఎంత పోతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. కొత్త హోటలులో పెసరట్టు బాగుంటుందంటే ఒక్కరి మాట చాలు. తుఫాను విషయం వేరు. "కిందటిసారీ వస్తుందన్నారు, రాలేదు, ఈసారీ రాదు" అన్నది తీరం పక్క ఊళ్లలో వినిపించే వాదన. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలకొరిగాయి. హెచ్చరిక తప్పైతే ఒక రాత్రి బడిలో పడుకుంటాం. నమ్మకపోవడం తప్పైతే ఏం పోతుందో మా ఊళ్లో నలభై దాటినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తూచాల్సింది ఆ రెండు తప్పులనూ పక్కపక్కన పెట్టి.

మీరు ఎప్పుడైనా అభిప్రాయం మార్చుకున్నారా?

మా మేనమామ అంతర్వేది వైపు కొబ్బరిచెట్ల పాదుల్లో ఏటా ఉప్పు వేయించేవారు. "సముద్రం పక్క చెట్టు చూడరా, ఎలా కాస్తుందో. దానికి ఉప్పంటే ఇష్టం" అనేవారు. పదిహేనేళ్లు నవ్వాను. మూఢనమ్మకాలకు ఉదాహరణ కావాలంటే ఆ ఉప్పునే చెప్పేవాణ్ని. తర్వాత తెలిసింది, కొబ్బరికి క్లోరిన్ బాగానే కావాలట, అది తక్కువగా ఉన్న లోతట్టు నేలల్లో ఉప్పు వేస్తే చెట్టుకు మేలేనట. మామయ్య చేసింది ఉపమానం, పోల్చి ఊహించడం, అందులో నిజం ఉంది. ఆయన తోట మాత్రం సముద్రానికి కూతవేటు దూరం, అక్కడి మట్టిలో ఉప్పుకు కొదవ లేదు. కాబట్టి మాట ఒప్పు, ఆ తోటలో వేయడం బహుశా దండగ. నా నవ్వు మాత్రం పూర్తిగా తప్పు, ఎందుకంటే నేను మట్టీ చూడలేదు, కాపూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు తోట మా బావగారు చూస్తున్నారు. ఉప్పు మానేశారు. పరీక్ష చేయించారేమోనని సంబరపడి ఎందుకు మానేశారని అడిగాను. మోసే మనిషి దొరకడం లేదన్నారు.